తుంటి నొప్పికి సెలవు లేదా?

స్త్రీల నొప్పులకు మన వాడుకలో పేర్లు కరువు. వీపు కింది నుంచి తొడ దాకా ఎక్కడ నొప్పి పుట్టినా "నడుం నొప్పి" అనే అంటాం. "ఆడవాళ్ళకు నడుం నొప్పి మామూలేగా" అని విన్నవాళ్ళు ఆ మాటను అక్కడితో ముగించేస్తారు. నాకున్నది నడుం నొప్పి కాదు, తుంటి నొప్పి. కుడి తుంటి, బయటి వైపు, చెయ్యి కిందికి వదిలేస్తే మణికట్టు తగిలే చోట పొడుచుకొచ్చిన ఎముక మీద. ఈ సంగతి ఇంత వివరంగా చెప్పగలగటానికే నాకు ఏడాది పట్టింది. ఇక నేను చేసే పని చెబితే చాలామంది నవ్వుతారు. నేను ఫిట్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ని. పాతిక ముప్ఫైమందిని ఒకచోట నిలబెట్టి, పాటలు పెట్టి, ఏరోబిక్స్, జుంబా క్లాసులు చెప్పేదాన్ని. "అందరికీ ఆరోగ్యం నేర్పేదానివి, నీకే నొప్పా?" అంటారు. ఆ నవ్వు వెనకాల ఉన్న లెక్కల గురించి ఈ నాలుగు మాటలు.

ముందు నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. హైదరాబాద్‌లో ఉంటాను. ఉదయం అయిదున్నరకి ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ బ్యాచ్. పదిన్నరకి జిమ్‌లో గృహిణుల బ్యాచ్. సాయంత్రం అదే జిమ్‌లో ఆరింటికొకటి, ఏడింటికొకటి. వారానికి ఆరు రోజులు, మొత్తం 24 క్లాసులు. అపార్ట్‌మెంట్‌లో క్లాసుకు 400 రూపాయలు, జిమ్‌లో 250. చెప్పిన క్లాసుకే డబ్బు. జ్వరమొస్తే లేదు, పండగొస్తే లేదు, బ్యాచ్‌లో నలుగురి కంటే ఎక్కువ రాలేదని యజమాని క్లాసు రద్దు చేసినా లేదు.

నాలుగింటికి లేచేసరికి తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను. రెండో పక్కకు తిరిగినా పైకాలు ముందుకు వాలి లాగేస్తుంది, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే కాస్త నయం. రెండంతస్తుల మెట్లు గోడ పట్టుకుని దిగి, స్కూటీ మీద వెళ్ళి క్లాసు చెప్పి, ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. వంట, పిల్లల క్యారియర్లు, గిన్నెలు, బట్టలు. స్టవ్ దగ్గర నిలబడితే తెలియకుండానే బరువంతా ఒక కాలి మీదికి వేసేస్తాం. చంకన పిల్లల్ని మోసి మోసి ఆడవాళ్ళందరికీ వచ్చే భంగిమ అది. ఈ నొప్పికి అది పడదు. కింద కూర్చుని కత్తిపీట ముందేసుకోవటం మానేశాను, కాలు మీద కాలు వేసుకోవటం మానేశాను. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. కానీ "ఆడుతూ పాడుతూ సంపాదించేదానికి నొప్పులేమిటమ్మా!" అంటుంది. పొలంలో నడుము విరుచుకున్న మనిషి ఆవిడ. పాటలు వినపడే చోట కష్టం ఉంటుందంటే ఆవిడ నమ్మలేదు.

ఆ పాటల వెనక ఉన్న శ్రమ ఏమిటో కాస్త చూద్దాం. క్లాసు నేర్చుకునే మనిషి అలిసిపోతే ఆగుతుంది, నీళ్ళు తాగుతుంది, నొప్పనిపిస్తే కాలు తక్కువ ఎత్తుతుంది. చెప్పే మనిషికి ఆ వీలు లేదు. అందరికంటే ఎత్తుకి ఎగరాలి, అందరికంటే లోతుగా వంగాలి, మైకులో లెక్క పెడుతూ నవ్వుతూ ఉండాలి. వాళ్ళకి ఎదురుగా నిలబడతాం కనక అద్దంలో బొమ్మలా చెయ్యాలి. వాళ్ళు కుడికాలు ఎత్తాలంటే మేం ఎడమకాలు ఎత్తాలి. మా క్లాసుల్లో దాదాపు ప్రతి స్టెప్పూ వాళ్ళ కుడితో మొదలవుతుంది. రెండో వైపు వచ్చేసరికి మేం వరసల్లోకి దిగి తప్పులు దిద్దుతుంటాం. అంటే ఏళ్ళ తరబడి మా ఒంటి బరువు ఎక్కువగా కుడికాలి మీదే పడుతుంది. మామూలుగా నడిచేటప్పుడే తుంటి కీలు మీద ఒంటి బరువుకు రెండు, రెండున్నర రెట్ల భారం పడుతుందంటారు. ఎగిరి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. పైగా మేం ఎగిరేది చెక్క నేల మీద కాదు, స్లాబు మీద పరిచిన టైల్స్ మీద.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఏరోబిక్స్ వెర్రి అమెరికాను ఊపేస్తున్న రోజుల్లో, 1985లో, అక్కడ ఒక అధ్యయనం జరిగింది. నేర్చుకునేవాళ్ళలో నూటికి 43 మందికి దెబ్బలో నొప్పులో ఉంటే, నేర్పేవాళ్ళలో నూటికి దాదాపు 76 మందికి ఉన్నాయని తేలింది. ఎగరటం తగ్గించి, ఒక పాదమైనా నేల మీదుంచి చేసే పద్ధతులు ఆ కాలంలోనే ముందుకొచ్చాయి. నేర్పేవాళ్ళకే ఎక్కువ ప్రమాదమన్న సంగతి నలభై ఏళ్ళుగా తెలుసన్నమాట. అయినా నాకు పని ఇచ్చిన ఏ ఒక్కరూ ఈ మాట చెప్పలేదు, నేను కట్టిన ఫీజుకి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళూ చెప్పలేదు.

ఇక వైద్యం సంగతి. పిర్ర కండరాలను తొడ ఎముకకు కట్టి ఉంచే తాళ్ళ లాంటివి ఉంటాయి. వాటిని టెండన్లంటారు. విరామం లేని భారంతో అవి దెబ్బతినటమే నా జబ్బని డాక్టరుగారు చెప్పారు. నలభై దాటిన స్త్రీలలో ఇది మగవాళ్ళలో కంటే చాలా ఎక్కువ. దీని మీద ఆస్ట్రేలియాలో 204 మందిని తీసుకుని చేసిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. ఒక గుంపుకి భారం ఎలా తగ్గించుకోవాలో చెప్పి, ఎనిమిది వారాలపాటు ఫిజియోథెరపిస్టు దగ్గర మెల్లమెల్లగా బలం పెంచే వ్యాయామాలు చేయించారు. రెండో గుంపుకి తుంటిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో గుంపుని ఊరికే కనిపెట్టి చూశారు. ఎనిమిది వారాలకి మొదటి గుంపులో నూటికి 77 మంది, ఇంజెక్షన్ గుంపులో 58 మంది, ఊరికే ఉన్నవాళ్ళలో 29 మంది బాగా తేలికపడ్డామన్నారు. అంటే దీనికి మంచి మందు ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు, విదేశాలకు వెళ్ళక్కర్లేదు. కొన్ని వారాలు భారం తగ్గించుకుని, క్రమంగా బలం పెంచుకోవాలి. అంతే.

ఆ "అంతే" దగ్గరే చిక్కు. ఎనిమిది వారాలు నేను సగం క్లాసులు మానుకుంటే 27,600 రూపాయలు పోతాయి. ఫిజియోథెరపీ ఖర్చు దానికి అదనం. డబ్బు ఒక్కటే కాదు, మానేసిన క్లాసు మళ్ళీ దొరకదు. నా ఆరింటి బ్యాచ్‌కి ఇంకో అమ్మాయి వచ్చిందంటే అది ఇక ఆ అమ్మాయి బ్యాచే. ఆ అమ్మాయిని తప్పు పట్టను, ఆమెకీ ఇల్లు గడవాలి. ఇంజెక్షన్ అయితే ఒక పూటలో పని అయిపోతుంది, మర్నాడో మూణ్ణాడో వెళ్ళి క్లాసు చెప్పొచ్చు. అదీ కాకపోతే మందుల షాపులో డైక్లోఫినాక్ ఉండనే ఉంది. నాతో పనిచేసే ఆడపిల్లలు బ్యాగుల్లో నీళ్ళ సీసా, టవలుతో పాటు ఆ బిళ్ళలు కూడా పెట్టుకుని తిరుగుతున్నారు. ఏది మంచి వైద్యమో తెలియక కాదు. మంచి వైద్యానికి కావలసింది జీతంతో కూడిన సెలవు, మందుల షాపులో దొరకనిదీ అదే. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మా నొప్పి కండరాల్లో పుడితే పుట్టి ఉండవచ్చు, దాన్ని తగ్గనివ్వకుండా పట్టి ఉంచుతున్నది మాత్రం క్లాసుకింత అని కొలిచే కూలి పద్ధతి.

దీని మీద ఇంకో బరువు కూడా ఉంది. మా శరీరం పనిముట్టు మాత్రమే కాదు, ఆ జిమ్‌కి ప్రకటన కూడా. గోడ మీద మా ఫోటోలుంటాయి. "నొప్పి అని క్లాసులో అనకండి మేడం, బ్యాచ్ పడిపోతుంది" అని నాకు చెప్పారు. లావెక్కకూడదు, వయసు తెలియకూడదు, కుంటకూడదు. బస్సు నడిపే మనిషికి తుంటి నొప్పి వస్తే పని వల్ల వచ్చిందంటారు. మాకు వస్తే మేం సరిగా వ్యాయామం చెయ్యలేదంటారు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఇల్లాలి పెంపకాన్నే అన్నట్టు, ఇక్కడ కూడా తప్పు ఆడదాని ఒంటి మీదికే వస్తుంది. నేను పనిచేసిన చోట్లన్నిటా ఇంకొకటి చూశాను. ఒక్కొక్కరికీ విడిగా నేర్పి ఎక్కువ డబ్బు తెచ్చే పని మగ ట్రైనర్లకు వెళ్తుంది. గుంపుకి ఎగిరి చూపించే పని మాకు మిగులుతుంది.

ఈ కళకి ప్రపంచమంతా పేరు తెచ్చిన మనిషి జేన్ ఫోండా. నటిగా, యుద్ధ వ్యతిరేక ఉద్యమకారిణిగా పేరున్న ఆమె 1982లో విడుదల చేసిన వ్యాయామం వీడియో లక్షల ఇళ్ళలోకి వెళ్ళింది. ఇల్లు దాటి జిమ్‌కి వెళ్ళలేని స్త్రీలకి అదొక దారి చూపింది. ఆమెకు 2005లో తుంటి కీలు మార్చారు. కీళ్ళు అరిగిపోయే జబ్బు తనకుందని ఆమె దాచుకోకుండా చెప్పింది. వ్యాయామం వల్లే తుంటి అరిగిందని నేననటం లేదు. తుంటి మార్చుకున్న తర్వాత ఆమె కోలుకునే దాకా ఆగింది, వయసు మళ్ళినవాళ్ళకి తగిన వ్యాయామాలతో మళ్ళీ జనం ముందుకొచ్చింది. ఆగే వీలున్నవాళ్ళకి నొప్పి పనికి అడ్డం కాలేదు, పనిని మార్చుకునే అవకాశమైంది. ఆ వీలు క్లాసుకి 250 రూపాయల మనిషికి ఎక్కడిది?

"ఇదంతా మధ్యతరగతి గోల. నాట్లు వేసేవాళ్ళ నడుములు, బీడీలు చుట్టేవాళ్ళ మెడలు, కుట్టుమిషన్ల మీద వంగినవాళ్ళ వీపులు చూశావా?" అని మనలో కొందరు అడగవచ్చు. అడగాలి కూడా. నా నొప్పి వాళ్ళ నొప్పి కంటే పెద్దదని నేననను. నాకు ఫ్యాను కింద పని, వాళ్ళకి బురదలో పని. కానీ పోలిక కూడా చూడండి. ఎకరాకింత, వెయ్యి బీడీలకింత, పీసుకింత, క్లాసుకింత. కొలిచే గిన్నె మారింది, కొలత ఒక్కటే. ఒంటికి ఎంత భారమైతే యజమానికి అంత లాభం, ఒళ్ళు మొరాయించిన రోజున నష్టమంతా మనిషిదే. ఆ కొలతనే ప్రశ్నించకపోతే మన పోరాటం ఒక్కొక్క వృత్తి దగ్గరా మళ్ళీ మొదటికొస్తుంది.

పదిన్నర బ్యాచ్ సంగతి కూడా చెప్పాలి. ఆ గంటలో హాల్లో మగవాళ్ళుండరు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా గంతెయ్యని స్త్రీలు అక్కడ చెమటలు పట్టేదాకా ఎగురుతారు. అత్తగారికి గుడికని చెప్పి వచ్చేవాళ్ళున్నారు. ఇంట్లో తిన్న దెబ్బల గుర్తులు చెమట తుడుచుకునేటప్పుడు బయటపడితే నలుగురూ చుట్టూ చేరిన రోజులున్నాయి. మన సంఘాలు ఎన్నో ఏళ్ళుగా స్త్రీలకి "ఇది మీ శరీరం, మీదే" అని చెబుతున్నాయి. ఆ మాట కొందరికి మొదటిసారి ఒంటికి తెలిసేది ఆ గంటలోనే. ఈ పని విలువైంది కాబట్టే దీన్ని యాభై ఏళ్ళ దాకా, అరవై ఏళ్ళ దాకా చెయ్యగలగాలంటున్నాను.

చట్టం మాటకొద్దాం. మా జిమ్ కాగితాల్లో నేను "ఫ్రీలాన్సర్". అంటే ఉద్యోగిని కాను, సెలవు అడగకూడదు, ఇ.ఎస్.ఐ. అడగకూడదు. కానీ ఏ గంటకు రావాలో వాళ్ళే నిర్ణయిస్తారు. ఏ బట్టలు వేసుకోవాలో, ఏ పాటలు పెట్టాలో వాళ్ళే చెబుతారు. హాలు వాళ్ళది, మైకు వాళ్ళది, నచ్చకపోతే తీసేసేదీ వాళ్ళే. ఇలాంటి ప్రశ్నే 1973లో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసది. దర్జీలకు పీసుకింత అని ఇస్తున్నాం, ఇష్టమైతే వస్తారు లేకపోతే లేదు, వాళ్ళు మా ఉద్యోగులు కారని దుకాణాల యజమానులు వాదించారు. మిషన్లు దుకాణం వాళ్ళవి, కుట్టింది బాగోలేదని తిప్పికొట్టే అధికారమూ వాళ్ళదే. అందుకని పీసు కూలి అయినా దర్జీలు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పులో కుట్టుమిషన్ తీసి మైకు పెట్టండి, నా కథే కదా!

ఉద్యోగులమని ఒప్పుకుంటే ఏం వస్తుంది? 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవు, 12 రోజులు క్యాజువల్ సెలవు జీతంతో వస్తాయి. ఇ.ఎస్.ఐ.లో చేరితే జబ్బు రోజుల్లో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. పదిమంది పనిచేసే సంస్థలకు అది వర్తిస్తుంది. జీతం పరిమితిని 2017లో నెలకు 21,000 చేశారు. జిమ్‌లో నాకు వచ్చేది నెలకు పంతొమ్మిది వేల చిల్లర. ఊడ్చే ఆమె దగ్గర నుంచి రిసెప్షన్ అమ్మాయి దాకా లెక్కపెడితే మేం పదిమందికి పైనే. అంటే ఆ ఎనిమిది వారాల మందు నాకు దొరక్కుండా అడ్డం పడింది "ఫ్రీలాన్సర్" అనే ఒక్క మాట. 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్‌లో అమలులోకి వచ్చాక కూడా ఈ మొదటి మెట్టు అలాగే ఉంది. ముందు ఉద్యోగి అనిపించుకోవాలి.

ఇంకొక సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాలు, ఎముకల జబ్బులకు ప్రత్యేక విభాగముంది. మణికట్టు, మోచెయ్యి, మోకాలు పేరు పేరునా ఉన్నాయి. తుంటి పేరు లేదు. కానీ పనికీ జబ్బుకీ నేరుగా సంబంధం ఉందని తేలితే మిగతావాటినీ గుర్తించాలన్న మాట ఉంది. నాట్ల నడుముకీ, ఏరోబిక్స్ తుంటికీ ఈ ఒక్క వాక్యం చాలు. మన దేశంలో కూడా దాన్ని అడగవలసినవాళ్ళం మనమే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఇంటి దీపం కింద కూడా ఒకసారి చూడమని కోరుతున్నాను. పనిచేసే మనిషిని పనిమనిషిగా, ఉద్యోగిగా పిలవకుండా ఉండటానికి మన దగ్గర ఎన్ని అందమైన మాటలున్నాయో! ఫ్రీలాన్సర్, వాలంటీర్, రిసోర్స్ పర్సన్, గౌరవ వేతనం. ఆశా కార్యకర్తలు ఆ గౌరవాన్నే మోస్తూ ఊళ్ళు తిరుగుతున్నారు. అంగన్‌వాడీ ఉద్యోగులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పేదాకా వాళ్ళది కూడా "గౌరవ" సేవే. మీ సంస్థ తరఫున రోజుకింత అని ఊళ్ళలో శిక్షణలిచ్చే స్త్రీకి కాలు విరిగితే ఆ నెల జీతం వస్తుందా? ఈ ప్రశ్న జిమ్ యజమానిని ఎంత అడగాలో మనల్ని మనం అంత అడుక్కోవాలి.

మాకు కావలసినవి పెద్ద కోరికలు కావు. పనిలో చేర్చుకున్నట్టు ఒక కాగితం. రోజుకు మూడు క్లాసులకు మించకుండా, ఎగిరే క్లాసులు వెంట వెంట రాకుండా టైంటేబుల్. టైల్స్ మీద రబ్బరు పరుపులు. నోటితో చెప్పి, ముందు వరసలో ఒకరితో చేయించి చూపించే పద్ధతికి ఒప్పుకోలు. మేం ప్రతిసారీ ఎగిరితేనే పాఠమా? జబ్బు సెలవు అయ్యాక మా బ్యాచ్ మాకే తిరిగి ఇస్తామన్న హామీ. వీటిలో యజమానికి ఖర్చయ్యేవి ఒకటి రెండు, మిగతావన్నీ మనసుంటే రేపే చెయ్యగలిగేవి.

ఈ మధ్య మేం ఎనిమిదిమందిమి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాం. వారానికి ఎన్ని క్లాసులు, ఏ నేల మీద, ఎక్కడ నొప్పి, ఎన్ని బిళ్ళలు, నొప్పి వల్ల ఎంత డబ్బు పోయింది అని ఎవరిది వాళ్ళు రాస్తున్నాం. ఇందులో తుంటి అని రాస్తున్నాం, నడుం అని కాదు. కార్మిక శాఖ దగ్గరకు వెళ్ళే రోజున మా చేతిలో ఉండవలసింది ఈ పుస్తకమే. మీ ఊళ్ళో డాన్సు, యోగా, ఏరోబిక్స్ నేర్పే స్త్రీలు ఉంటారు. వాళ్ళని సంఘం మీటింగులో వ్యాయామం చూపించమని పిలవటం మనకు అలవాటే. ఈసారి కూర్చోబెట్టి, నెలకు ఎంత వస్తుందో, ఎక్కడ నొప్పిగా ఉందో అడిగి రాసుకోండి.